సత్తెమ్మ సమాధికి సున్నం

గోపన్‌పల్లి దారిలో ఉన్న మా సమాధుల తోటలో, వెనక గోడ వారగా, సత్తెమ్మ అనే ఆవిడ సమాధి ఒకటుంది. దాని తలాపున చెక్క సిలువ, సిలువ మీద నల్లరంగుతో పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. ఆ అక్షరాలు రాసింది నేను. నా దస్తూరి బాగుంటుందని చిన్నప్పటినుంచీ అందరూ అంటారు. ఇప్పటికి రెండు ఈస్టర్లు గడిచాయి. రెండుసార్లూ ఆ సమాధికి సున్నం వేసింది సత్తెమ్మే.

అర్థం కాకపోతే తప్పు మీది కాదు. మొదటినుంచీ చెబుతాను. నా మీద జాలి పుట్టించడానికి మాత్రం కూర్చోలేదు. ఆవిడ సంగతి ఎవరో ఒకరు రాయాలి. ఆవిడకి అక్షరాలు రావు. అక్షరాలొచ్చిన నేనే ఆవిడని కాగితం మీద చంపాను కాబట్టి నేనే రాస్తున్నాను.

నా పేరు దానియేలు. మాది నర్సాపురం వైపు. మియాపూర్‌లో మా చర్చి సంఘానికి పదిహేనేళ్ళుగా గుమాస్తాని. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు, అన్నీ నా రిజిస్టర్లలోనే ఉంటాయి. తొంభై ఏడులో కెనడా నుంచి క్రిస్టోఫర్ గారు, ఆయన భార్య డోరతీ అమ్మగారు వచ్చారు. ఆయన అక్కడ వడ్రంగి. కొత్తగూడ దాటాక రాళ్ళ మధ్య ఎకరం నేల కొని అనాథ పిల్లలకి ఒక హోమ్ కట్టాలని వాళ్ళ సంఘం పంపింది. వాళ్ళకి తెలుగు రాదు. డోరతీ గారికి వచ్చింది రెండే మాటలు: వందనాలు, చాలు. రెండోది అన్నం వడ్డించేటప్పుడు. అందుకని నన్ను దుబాసీగా, గుమాస్తాగా పెట్టుకున్నారు. వాళ్ళేం విన్నా నా నోటినుంచే వినాలి, ఎవరికేం చెప్పాలన్నా నా నోటితోనే చెప్పాలి. అంత అధికారం నా బతుకులో అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

మంచివాళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే వాళ్ళ మంచితనం వల్లే ఇదంతా జరిగింది. రెండు నెలలకోసారి వాళ్ళ సంఘం నుంచి ఓ పన్నెండు మంది దిగేవారు. రెండు వారాలుండి తమ చేతులతో హోమ్ గోడలు కట్టి పుణ్యం చేసుకుని పోవాలని. ఎర్రగా కందిపోయి, పాటలు పాడుకుంటూ, ఇటుక మీద ఇటుక పెట్టేవారు. గోడ నిలువు చూసే తూకం గుండు వాళ్ళకి ఆటవస్తువు. గోడ కడుపుతో ఉన్నట్టు బయటికి వచ్చేది. సాయంత్రం వాళ్ళ వ్యాను గేటు దాటగానే మేస్త్రి రామాంజనేయులు ఆ గోడ కూల్చి, చీకటి పడేలోపు తిన్నగా కట్టేవాడు. పొద్దున వాళ్ళొచ్చి ఆ గోడ పక్కన నిలబడి ఫోటోలు దిగి దేవుణ్ణి స్తుతించేవారు. నేను ఆ ప్రార్థనలు తెలుగులోకి చెప్పేవాణ్ణి. వాళ్ళ మనసు నొచ్చుకోకూడదని చెప్పిన అబద్ధాల మీదే ఆ హోమ్ గోడలన్నీ లేచాయి.

ఆ కూల్చిన ఇటుకలు ఏరి, సిమెంటు మాలు కలిపి మోసే మనిషి సత్తెమ్మ. కోస్గి వైపు పల్లె. మొగుడు పచ్చకామెర్లతో పోతే, ఆరేళ్ళ కూతురు చిన్నుని చంకనేసుకుని పాలమూరు కూలీల గుంపుతో వచ్చింది. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద బిల్డింగుకి పునాదులు తవ్వుతుంటే అక్కడ కొన్నాళ్ళు రాళ్ళు మోసింది. తర్వాత మా దగ్గరికి. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది కానీ నోరు మాత్రం ఊరుకునేది కాదు. నన్ను చర్చి సారు అనేది. తెల్లవాళ్ళ గోడల్ని చూసి తట్ట దించి మరీ నవ్వేది.

"గీళ్ళు దేశాలు దాటొచ్చి గోడ వంకర పెడ్తున్రు సారూ. నాకు డబల్ పని దొరుకుతున్నది. ఈళ్ళ దేవుడు సల్లగుండాలె."

ఆ ఆగస్టులో, వాన పడి వెలిసిన ఒక మధ్యాహ్నం, ఇసుక లారీ వెనక్కి వచ్చి లోడు వంచేసింది. ఇసుక కుప్ప పక్కన చిన్ను ఆడుకుంటోందని ఎవరూ చూసుకోలేదు. రామాంజనేయులు ఇసుకలో బొటనవేలంత రిబ్బను చూసి, చేతులతో తవ్వి లాగాడు. పిల్ల నోటినిండా ఇసుక. బతికింది. సత్తెమ్మ ఆ రోజు ఏడవలేదు. పిల్ల ముక్కులో, చెవుల్లో ఇసుక కొంగుతో తీస్తూ సాయంత్రం దాకా కూర్చుంది. మర్నాడు పొద్దున నా బల్ల దగ్గరికొచ్చింది.

"సారూ, గీ హాస్టల్ల నా పిల్లను ఏసుకోరాదు?"

కుదరదని చెప్పాను. క్రిస్టోఫర్ గారి నియమం గట్టిది. తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలనే తీసుకోవాలి. ఎందుకంటే, బతికున్న తల్లి నుంచి బిడ్డని విడదీయడం పాపమని ఆయన నమ్మకం.

"అయితే నేను సచ్చిననని రాసుకో. పిల్ల కడుపునిండ తిని నాలుగచ్చరాలు నేర్సుకుంటె సాలు. నేను గీడనే పని జేసుకుంట, కండ్లతోని జూస్కుంట. పదో తరగతి అయినంక నా బిడ్డను నాకు ఇయ్యి. గంతే."

"పదో తరగతి అయ్యాక నీ దగ్గరికే వస్తుంది" అని మాటిచ్చాను. అప్పుడు అది మంచి పనే అనుకున్నాను. ఇరవైమంది పిల్లలు కావాలి, పదకొండుమందే దొరికారు, పై నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయి. అది కూడా ఒక కారణం. దాచను.

కెనడా నుంచి వచ్చిన ఫారంలో తల్లి పేరు, మరణించిన తేదీ, భూస్థాపన చేసిన చోటు అని గడులున్నాయి. పదిహేనేళ్ళు సంఘం రిజిస్టర్లు నింపిన చెయ్యి నాది. మా సంఘంలో పోయినవాళ్ళందరూ ఒక్క చోటికే పోతారు. ఆ గడి కనబడగానే నా పెన్ను దానంతటదే 'గోపన్‌పల్లి సమాధుల తోట' అని రాసేసింది. పాలమూరులో ఎక్కడో ఊళ్ళో అని రాసుంటే సరిపోయేది. చర్చి గుమాస్తా కానివాడెవడూ ఆ తప్పు చెయ్యడు.

చచ్చిపోయిన సత్తెమ్మ కూలి హాజరులో ఉండకూడదు కదా. పుస్తకంలో ఆమెని వీరలక్ష్మిగా మార్చాను. అది ఆమె చనిపోయిన చెల్లెలి పేరు. క్రిస్మస్ ముందు హోమ్ తెరిచారు. చిన్నుకి హన్నా అని పేరు పెట్టారు. వీరలక్ష్మిని పిల్లల ఆయాగా తీసుకున్నారు. ఇక మిగిలింది పిల్ల నోరు. ఆ పని సత్తెమ్మే పెట్టుకుంది. అమ్మ అని పిలిస్తే చెంప మీద ఒకటి, ఆయా అంటే బెల్లం ముక్క. నీళ్ళ తొట్టి వెనక, ఎవరూ చూడకుండా. మూడు వారాలు పట్టింది. రెండోవారంలో ఆ పిల్ల ఆయా అనడానికి ముందే చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నేను కిటికీలోంచి చూసి, కిటికీ వేసుకున్నాను.

తర్వాత అంతా సాఫీగా నడిచింది. కెనడా బృందం వస్తే పిల్లలు వరసగా నిలబడి సాక్ష్యం చెప్పేవారు. "మా అమ్మ చనిపోయింది. ఇప్పుడు యేసయ్యే నాకు తల్లి, తండ్రి" అని చిన్ను స్పష్టంగా చెప్పేది. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. వాళ్ళకి టీ పళ్ళెం పట్టుకుని తిరిగేది సత్తెమ్మ. ఒకసారి నా పక్కగా వెళ్తూ, "మంచిగ జెప్తున్నది గద సారూ, తప్పుల్లేకుంట" అంది. గర్వంగా అంది.

డోరతీ గారికి పిల్లల్లేరు. చిన్ను అంటే ప్రాణం పెట్టేవారు. ఆమెకి ఒకటే దిగులు, ఈ పిల్ల తల్లి కోసం ఒక్కసారి కూడా ఏడవదేమిటని. డోరతీ గారి తల్లి ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు పోయిందట. సమాధి దగ్గరికి తీసుకెళ్ళకుండా దాచారట. ఆ బాధ ఇప్పటికీ కడుపులో రాయిలా ఉండిపోయిందని నాతో చెప్పారు.

తొంభై ఎనిమిది ఈస్టరు ముందు వారం, మావాళ్ళు సమాధులకి సున్నాలు వేసుకోవడం ఆమె చూశారు. ఆదివారం తెల్లవారుజామున అందరూ తమవాళ్ళ సమాధుల దగ్గర పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారని తెలుసుకున్నారు. ఆఫీసులోకి వచ్చి ఫారాల ఫైలు తీశారు.

"హన్నా తల్లి కూడా అక్కడే ఉంది దానియేలూ! మనం ఈ పిల్లని తీసుకెళ్ళాలి" అన్నారు ఇంగ్లీషులో. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. సరేనండి అన్నాను.

వెనక గోడ దగ్గర దిక్కూమొక్కూ లేని మట్టి దిబ్బ ఒకటుంటే చూపించాను. క్రిస్టోఫర్ గారు తలుపులకి కోయగా మిగిలిన టేకు చెక్కతో తన చేత్తో సిలువ చేశారు. ఆయన గోడ కడితే వంకరే కానీ చెక్కపని మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. దానిమీద నేను పేరు రాశాను. సున్నం వేసి రమ్మని డోరతీ గారు పంపింది ఎవరిని? ఆయా వీరలక్ష్మిని.

శనివారం ఎండలో సత్తెమ్మ బకెట్టు, కుంచె తీసుకుని వచ్చింది. ఇది ఎవరిదని అడిగింది. నీదే అన్నాను. ముందు నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది.

"ఏం రాసినవ్? సదువు."

చదివాను. సత్తెమ్మ. పుట్టింది అరవై తొమ్మిది, పోయింది తొంభై ఏడు.

"అంటె నాకు ఎన్నేండ్లు సారూ?"

"ఇరవై ఎనిమిది."

"గంతేనా? నేను ముప్పై దాటినననుకున్న." సిలువ మీద అక్షరాల్ని వేలితో తడిమింది. "కింద ఎవలున్నరు?"

"తెలీదు."

"పాపం, ఎవలో ఏమో. నా పేరు మోస్కుంట పన్నది."

సున్నంలో నీలిమందు సరిగ్గా కలిసేదాకా కలిపి, రెండుసార్లు వేసింది. కూలికి ఒప్పుకున్న మిగతా సమాధులకి ఒక్కసారే.

మర్నాడు తెల్లవారుజామున చలిగాలిలో పాటలు పాడుతూ అందరం వెళ్ళాం. డోరతీ గారు చిన్ను చెయ్యి పట్టుకున్నారు. వెనకాల బంతిపూల గంపతో సత్తెమ్మ. ఆమె పిల్లకి చెప్పమన్నది నేనే తెలుగులో చెప్పాను: ఇక్కడ మీ అమ్మ నిద్రపోతోంది, ఆమెకి పూలు పెట్టు. చిన్ను తలూపి కూర్చుంది. అలవాటైన పాఠమే కదా. అయితే నాలుగు నెలల్లో హోమ్‌లో దానికి అక్షరాలు వచ్చాయన్న సంగతి మా ఎవరికీ గుర్తు రాలేదు. కొవ్వొత్తి వెలుగులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. సత్తెమ్మ. అది దానికి తెలిసిన పేరు. కూలీల గుడిసెల దగ్గర అందరూ వాళ్ళమ్మని పిలిచే పేరు.

వెనక్కి తిరిగి చూసింది. సమాధిని చూసింది. ఆ పిల్లకి ఏమర్థమైందో నాకు తెలీదు. కొవ్వొత్తి పారేసి, కేక పెట్టి, పరుగెత్తుకెళ్ళి తల్లి కాళ్ళు పట్టేసుకుంది. "అమ్మా, నువ్వు సావకే! అమ్మా, సావకే!"

పాటలు ఆగిపోయాయి. అందరూ చూస్తున్నారు. సత్తెమ్మ నావైపు ఒక్క చూపు చూసింది. తర్వాత పిల్ల వేళ్ళు ఒక్కోటీ ఊడదీసి, చెంప మీద కొట్టింది.

"నేను ఆయాను. మీ యమ్మ గాడ పన్నది, పో."

డోరతీ గారు పరుగున వచ్చి పిల్లని ఎత్తుకున్నారు. పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులేసి, ఒళ్ళంతా అదిరేలా ఏడ్చింది. ఆమె కూడా ఏడ్చారు. "చూశావా, చివరికి తల్లి కోసం ఏడ్చింది. నా చేతుల్లో ఏడ్చింది" అన్నారు నాతో. ఈ పిల్లని కెనడా తీసుకెళ్ళి పెంచుకోవాలని ఆ నిమిషంలోనే ఆమె నిర్ణయించుకున్నారని తర్వాత తెలిసింది. ఆయా పిల్లని కొట్టినందుకు గట్టిగా ఏమీ అనలేదు. పిల్లల గదుల్లోకి రానీయకుండా గిన్నెలు తోమే పనికి మార్చారు, అంతే. ఆ రోజు తర్వాత చిన్ను నోట అమ్మ అన్న మాట రాలేదు. ఎవరికి చెప్పినా దెబ్బ పడే మాట అని దానికి అర్థమై ఉంటుంది. కొన్నాళ్ళకి డోరతీ గారిని మమ్మీ అనడం మొదలుపెట్టింది. దానికి దెబ్బ పడలేదు.

తల్లీతండ్రీ లేని పిల్ల కాబట్టి కోర్టులో గార్డియన్ కాగితాలు తేలిగ్గానే అయ్యాయి. మరణాన్ని ధ్రువీకరిస్తూ సంతకం చేసింది నేను. సత్తెమ్మకి నేను చెప్పలేదు. అక్టోబరులో పిల్ల జుట్టు కత్తిరించి, పాస్‌పోర్టు ఫోటో తీయించినప్పుడు తనే పసిగట్టింది.

"పదో తరగతి అయినంక ఇస్తనంటివి గద సారూ. గియ్యేంది?"

"మంచి చదువు చదువుతుంది, సత్తెమ్మా. కారులో తిరుగుతుంది."

"నేనడిగింది గది కాదు."

ప్రయాణం రోజు పొద్దున, డోరతీ గారు సూట్‌కేసు సర్దుకుంటుంటే, గిన్నెల మసి చేతులతో తిన్నగా గదిలోకి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. నేను అక్కడే టిక్కెట్లు సరిచూస్తున్నాను.

"అమ్మా, గది నా బిడ్డ. నేను కన్న బిడ్డ. సత్తెమ్మను నేనే, నేను సావలే. సారుకు రాయమన్నది నేనే, తప్పు నాదే. నన్ను పోలీసోళ్ళకు ఇయ్యి, ఏమన్న జెయ్యి. నా పిల్లను తీస్కపోకు."

డోరతీ గారు గాభరాగా నావైపు తిరిగారు. ఏమంటోంది, అని అడిగారు.

ఆ క్షణంలో హోమ్ మూతపడుతుందని, మిగతా పిల్లలు వీధిన పడతారని ఆలోచించానని చెబితే అబద్ధం. ఆ కారణాలు తర్వాత తెచ్చిపెట్టుకున్నవి. కోర్టు కాగితం మీద నా సంతకం కనబడింది. జైలు కనబడింది. భయం వేసింది, అంతే.

"పాపని కన్నబిడ్డలా చూసుకుందటండి. వెళ్ళిపోతుంటే తట్టుకోలేకపోతోంది" అన్నాను ఇంగ్లీషులో.

డోరతీ గారి కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. కింద కూర్చుని సత్తెమ్మని కౌగలించుకున్నారు. మసి ఆమె తెల్ల గౌనుకంటుకుంది, పట్టించుకోలేదు. "నీ ప్రేమ ఈ పిల్ల ఎన్నటికీ మర్చిపోదు, నేను మర్చిపోనివ్వను" అన్నారు.

సత్తెమ్మ ఆమె భుజం మీదనుంచి ఆశగా నన్ను చూసింది. "ఏమంటున్నది సారూ? ఇస్తనంటున్నదా?"

ఇవ్వనంటోంది అని మాత్రం చెబితే మళ్ళీ అడుగుతుంది. సైగలతో, ఏడుపుతో, ఎలాగో ఒకలా చెప్పేదాకా వదలదు. అందుకని ఇలా చెప్పాను.

"ఆమెకి ముందునుంచీ అంతా తెలుసట. నువ్వే తల్లివని తెలుసట. అయినా తీసుకెళ్తానంటోంది."

సత్తెమ్మ ఇంకా ఆ కౌగిలిలోనే ఉంది.

"ఎర్కుండి గూడ తీస్కపోతదా?"

"అవును."

డోరతీ గారి చేతుల్ని తన మీదనుంచి తీసేసింది. లేచి, ఆమె మొహంలోకి తేరిపార చూసి, వెళ్ళి మళ్ళీ గిన్నెలు తోముకుంది. వ్యాను కదిలినప్పుడు కూడా రాలేదు. చిన్ను కొత్త గౌనులో వెనక అద్దంలోంచి అందరికీ చెయ్యి ఊపింది.

ఇది రాస్తున్న ఈ తొంభై తొమ్మిదిలో హోమ్ బాగానే నడుస్తోంది. చుట్టూ కంప్యూటరు కంపెనీలంటూ రోడ్లు వేస్తున్నారు. ఈస్టరు ముందు డోరతీ గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. హన్నా బాగుంది, మంచులో ఆడుకుంటోంది, తెలుగు మర్చిపోయింది. తన గదిలో పెట్టుకోవడానికి తల్లి సమాధి ఫోటో ఒకటి కావాలి, సున్నం వేయించి, పూలు పెట్టి తీసి పంపండి.

శనివారం కెమెరా తీసుకుని వెళ్ళాను. సత్తెమ్మ అప్పటికే రెండో పూత వేస్తోంది. ఫోటో చిన్ను కోసమని విని కుంచె వదిలేసింది.

"నేను గూడ నిలవడ్త సారూ. పేరు యాదికి లేకున్న మొకం జూస్తే గుర్తువడ్తది."

గోడ పక్క కుళాయి దగ్గర సున్నం పోయేదాకా చేతులు కడుక్కుంది. జుట్టు తడిచేసి ముడి వేసుకుంది. కొంగు సర్దుకుని, సిలువ మీద చెయ్యి వేసి నిలబడింది. కెమెరాలోంచి చూశాను. పక్కపక్కనే సత్తెమ్మ, సత్తెమ్మ పేరు. డోరతీ గారికి తెలుగు రాకపోయినా ఆ మొహం గుర్తుంటుంది. ఈ ఆయా ఇక్కడెందుకుందని అడుగుతారు. నేను మీట నొక్కలేదు. నోటితో టక్ మనిపించి, అయిపోయింది అన్నాను.

తర్వాత, సమాధి ఒక్కదాన్నీ కూడా తీయమన్నారని చెప్పి పక్కకి జరగమన్నాను. జరిగింది. రెండు తీశాను.

"మంచిగ వడ్డనా సారూ?"

"పడ్డావు."

"పిల్లకు అందుతది గద?"

అందుతుందని చెప్పాను. ఆమె బకెట్టు తీసుకుని పక్క సమాధికి సున్నం వేయడానికి వెళ్ళింది.